బడి లోపలి చిన్న దుకాణం



ఈ నెల గోడపత్రికకు ఇతర దేశాల విద్యార్థుల జీవితం గురించి ఏదైనా రాయమని మా తెలుగు సారు చెప్పారు. నేను దక్షిణ కొరియా దేశపు బడుల లోపల ఉండే చిన్న తినుబండారాల దుకాణం గురించి రాస్తున్నాను. "అంత దూరం పోయి నీకు దుకాణమే దొరికిందారా?" అని మా రూములో అందరూ నవ్విండ్రు. నవ్వితే నవ్వనీ. ఈ దుకాణం సంగతి తెలుసుకుంటూ పోతుంటే నాకు మన బడి గేటు సంగతి, నేను చేసిన ఒక తప్పు సంగతి యాదికొచ్చినయ్. ఆ తప్పు కూడా చివర రాశాను. దయచేసి మొత్తం చదవండి.

ఎట్లా తెలిసింది?

సంక్రాంతి సెలవులకు తాండాకు పోయినప్పుడు మా అక్క ఫోన్‌లో కొరియా సీరియల్ చూస్తున్నది. అందులో బడి గంట కొట్టగానే పిల్లలంతా మెట్లు దిగి ఒకటే ఉరుకుడు. ఎక్కడికి పోతున్నరో నాకు అర్థం కాలేదు. తీరా చూస్తే కింద ఒక చిన్న గది, దానికి ఒక కిటికీ. కిటికీ ముందర మనం నల్లా దగ్గర బకెట్లు పట్టుకొని నూకుకున్నట్టే వాళ్ళు కూడా నూకుకుంటున్నారు. లోపల ఒక పెద్దమ్మ రొట్టెలు, పాల డబ్బాలు ఇస్తున్నది. నాకు నవ్వొచ్చింది. బిల్డింగులు వేరే, బట్టలు వేరే, ఆకలి మాత్రం ఒక్కటే!

బడికి తిరిగొచ్చిన తరువాత కంప్యూటర్ సారును అడిగి, ఆదివారాలు ల్యాబులో కూర్చొని ఈ విషయాలు తెలుసుకున్నాను.

మేజొమ్ అంటే ఏమిటి?

ఆ దుకాణాన్ని కొరియా భాషలో "మేజొమ్" అంటారు. "మే" అంటే అమ్మడం, "జొమ్" అంటే అంగడి. ఇది బడి కాంపౌండు లోపలే ఉంటుంది. హైస్కూళ్ళలో ఎక్కువగా కనబడుతుంది. బయట రోడ్డు మీద ఉండే అంగడి దీనికి వేరు.

మేజొమ్‌లో ఏమేమి దొరుకుతాయి? లోపల తీపి ఎర్ర బీన్స్ ముద్ద పెట్టిన బన్ను, క్రీము రొట్టె, పాలు, ఐస్ పుల్లలు, బిస్కెట్లు దొరుకుతాయి. అన్నాన్ని మూడు మూలల ముద్దగా చేసి, సముద్రపు నాచు ఆకు చుట్టి అమ్ముతారు. 1974లో అక్కడ అరటిపండు రుచిగల పాలు వచ్చాయి. చిన్న కుండ ఆకారపు డబ్బాలో వచ్చే ఆ పాలంటే పిల్లలకు ఇప్పటికీ ఇష్టం. కొన్ని దుకాణాల్లో పెన్నులు, రబ్బర్లు కూడా ఉంటాయి.

ఇక్కడ ఒక తమాషా విషయం. రొట్టెను కొరియా భాషలో "పాంగ్" అంటారు. పోర్చుగీసు వాళ్ళ "పావ్" అనే మాట జపాను మీదుగా అక్కడికి చేరి అట్లా మారింది. మన దేశంలో పావ్ భాజీలో ఉన్న పావ్ కూడా ఆ పోర్చుగీసు మాటే. అంటే చేవెళ్ళ సెంటర్లో బండి మీద మనం తినే పావ్, సియోల్ బడిలో వాళ్ళు తినే పాంగ్ ఒకే మాటకు పుట్టిన అన్నదమ్ములు.

అక్కడి విద్యార్థి దినచర్య

కొరియాలో బడి సంవత్సరం మార్చి నెలలో మొదలవుతుంది. ప్రాథమిక పాఠశాలలో పీరియడు 40 నిమిషాలు, మిడిల్ స్కూలులో 45 నిమిషాలు, హైస్కూలులో 50 నిమిషాలు. రెండు పీరియడ్ల మధ్య 10 నిమిషాలు విరామం. మేజొమ్‌కు ఉరికేది ఈ 10 నిమిషాల్లోనే. మూడవ అంతస్తు నుంచి దిగాలి, వరుసలో నిలబడాలి, కొనాలి, తినాలి, మళ్ళీ ఎక్కాలి. గంట కొట్టేసరికి కొందరి నోట్లో రొట్టె ఇంకా ఉంటదేమో అని నా అనుమానం.

మధ్యాహ్న భోజనం బడిలోనే పెడతారు. గుంతలు గుంతలుగా ఉన్న స్టీలు పళ్ళెంలో అన్నం, సూపు, రెండు మూడు కూరలు, కిమ్చి అనే ఊరబెట్టిన క్యాబేజీ పచ్చడి వడ్డిస్తారు. సాయంత్రం బడి అయిపోయిన తరువాత కూడా చాలామంది హైస్కూలు పిల్లలు కూర్చొని చదువుకుంటారు. దీన్ని "యాజా" అంటారు. రాత్రి 9, 10 గంటల దాకా నడిచే ఆ చదువు మన స్టడీ అవర్స్ లాంటిదే. ఒకప్పుడు దాదాపు అందరూ కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల ఇష్టం ఉన్నవాళ్ళే కూర్చుంటున్నారు. ఆ రాత్రి చదువుకు ముందు కడుపులో ఏదో ఒకటి పడాలి కదా! మేజొమ్‌కు గిరాకీ ఉండటానికి అదొక కారణం.

మీకు తెలుసా? కొరియాలో కాలేజీ ప్రవేశ పరీక్ష సాధారణంగా నవంబర్ నెలలో ఒక గురువారం జరుగుతుంది. ఇంగ్లీషు విని రాసే పరీక్ష జరుగుతున్నంతసేపు విమానాలు దిగవు, ఎగరవు. పరీక్ష రాసేవాళ్ళకు "యొత్" అనే జిగట మిఠాయి పెడతారు. అది పళ్ళకు అతుక్కున్నట్టు విద్యార్థి కూడా పాసుకు అతుక్కోవాలని వాళ్ళ నమ్మకం. సముద్రపు నాచు సూపు జారుడుగా ఉంటది కాబట్టి ఆ రోజు తాగరు. తాగితే పరీక్షలో జారిపోతామట! మనం పరీక్షకు పోయేముందు పెరుగు, చక్కెర తిని పోతాం కదా, ఇది కూడా అట్లాంటిదే.

ఆకలి నుంచి వచ్చిన దేశం

ఇప్పుడు కొరియా అంటే కార్లు, ఫోన్లు, టీవీలు తయారుచేసే ధనిక దేశం. కాని 1950 నుంచి 1953 వరకు అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. యుద్ధం ఆగేనాటికి తినడానికి తిండి లేదు. 1953 నుంచి విదేశాల సహాయంగా వచ్చిన పాలపొడిని బడుల్లో పిల్లలకు కలిపి పోసేవారు. తరువాతి ఏళ్ళలో మక్క పిండితో చేసిన రొట్టె పంచారు. యూనిసెఫ్, కేర్ అనే సంస్థలు ఆ సహాయం పంపినవి.

ఈ సంగతి చెప్తే మా తాత ఏమన్నాడంటే, "అరే, ఆ కేర్ పాలపొడి మేమూ తాగినం బిడ్డా. బడిలో గోధుమ రవ్వ ఉప్మా పెడుతుండె. దానికోసమే నేను బడికి పోతుంటి, సదువు కోసం కాదు" అన్నాడు. తాత మూడో తరగతితోనే ఆపేశాడు. కాని ఆ ఉప్మా వాసన ఇంకా చెప్తాడు. చూడండి, ఒకే కాలంలో కొరియా పిల్లవాడు, మన తాండా పిల్లవాడు ఒకే సహాయం తిని పెరిగిండ్రు. అందుకని కొరియా అంటే నాకు ఇప్పుడు అంత దూరంగా అనిపిస్తలేదు.

అక్కడ కూడా ఉచిత భోజనం మీద పెద్ద గొడవ జరిగింది. బీదవాళ్ళకే ఉచితంగా పెట్టాలా, బడిలో ఉన్న పిల్లలందరికీ పెట్టాలా అని సియోల్ నగరంలో 2011 ఆగస్టు 24న ఓటింగు పెట్టారు. ఓటు వేయడానికి మూడో వంతు మందైనా రావాలి. అంతమంది రాలేదు, ఓట్లు లెక్కించనే లేదు. ఆ ఓటింగు పెట్టించిన మేయరు రాజీనామా చేశాడు. అందరికీ పెట్టే పద్ధతే గెలిచింది. అందరూ ఒకే పళ్ళెంలో తింటే ఎవడు బీదవాడో తెలియదు, ఎవడూ తల దించుకోనక్కరలేదు అని వాళ్ళ వాదన. ఈ మాట నాకు బాగా నచ్చింది. మన మెస్‌లో మనమందరం ఒకే అన్నం తింటున్నాం. తేడా ఎక్కడ వస్తున్నదంటే, గేటు బయటి ప్యాకెట్ దగ్గర వస్తున్నది.

బడి బయటి అంగళ్ళు, చట్టాలు

కొరియాలో బడి గేటు ముందర కూడా అంగళ్ళుంటాయి. పెన్నులు, పుస్తకాలు అమ్మే కొట్లలోనే చవక మిఠాయిలు అమ్మేవారు. చక్కెర కరిగించి, సోడా పొడి వేసి, బిళ్ళగా ఒత్తి, దాని మీద నక్షత్రం గుర్తో గొడుగు గుర్తో వేసేవారు. దాని పేరు "దాల్గోనా". గుర్తు విరగకుండా చుట్టూ గీకి తీస్తే ఇంకొకటి ఉచితం. మన దగ్గర చీటీ చింపితే బొమ్మ వస్తదని ఆశపెట్టే ప్యాకెట్లు లేవా, అట్లనే. 2021లో వచ్చిన ఒక కొరియా సీరియల్ వల్ల దాల్గోనా ప్రపంచమంతా తెలిసింది.

పిల్లలు ఇట్లాంటివి తిని ఆరోగ్యం పాడు చేసుకుంటున్నారని కొరియా ప్రభుత్వం 2008లో పిల్లల ఆహార భద్రత కోసం ప్రత్యేక చట్టం చేసింది. అది 2009 మార్చిలో అమలుకు వచ్చింది. ఆ చట్టం ప్రకారం బడి చుట్టూ 200 మీటర్ల వరకు ప్రత్యేక ప్రాంతంగా గుర్తించి, అక్కడి అంగళ్ళను తనిఖీ చేస్తారు. కొవ్వు, చక్కెర ఎక్కువ ఉండి పోషణ తక్కువ ఉన్న వాటిని బడిలోని మేజొమ్‌లో అమ్మరాదు. 2018 సెప్టెంబర్ 14 నుంచి బడి లోపల కాఫీ అమ్మడం కూడా బందు చేశారు. రాత్రులు నిద్ర ఆపుకోవడానికి పిల్లలు కాఫీ ఎక్కువ తాగుతున్నారని ఆ నియమం పెట్టారు.

మన దేశంలో కూడా నియమాలున్నాయి. 2020లో ఆహార భద్రతా సంస్థ చేసిన నియమాల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువ ఉన్న పదార్థాలను బడిలో గాని, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల గాని పిల్లలకు అమ్మకూడదు. 2003 పొగాకు చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపల సిగరెట్లు, గుట్కా లాంటివి అమ్మకూడదు. ఈ రెండు కొలతలు మనందరికీ తెలిసి ఉండాలని ఇక్కడ రాస్తున్నాను. గేటు నుంచి 50 మీటర్లు అంటే మామూలు నడకలో ఒక 70 అడుగులు. నేను నడిచి లెక్కపెట్టాను.

రొట్టె తెచ్చే పిల్లవాడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

సీరియల్‌లో ఒక పిల్లవాడు ప్రతిసారి ఒక్కడే నాలుగైదు రొట్టెలు మోసుకొని పోతున్నాడు. తాను మాత్రం తింటలేడు. "వీడెందుకు తింటలేడు?" అని అక్కను అడిగాను. "వాడు వాళ్ళ రొట్టె బండిరా" అన్నది. కొరియా పిల్లలు అట్లాంటివాణ్ణి "పాంగ్ షటిల్" అంటారు. షటిల్ అంటే అటూ ఇటూ తిరిగే బండి. క్లాసులో బలం ఉన్నవాళ్ళు బలం లేనివాణ్ణి మేజొమ్‌కు తోలుతారు. వాడు తన 10 నిమిషాల విరామం వాళ్ళ కోసం ఉరకాలి. వెయ్యి వాన్ల నోటు చేతిలో పెట్టి, దానికి రెండింతల ఖరీదు వస్తువులు తెమ్మని, పైగా చిల్లర కూడా తెమ్మంటారని అక్కడ చెప్పుకుంటారు. మిగతా పైసలు వాడే పెట్టుకోవాలి.

అక్కడ బడుల్లో హింసను ఆపే చట్టం 2004 నుంచి ఉన్నది. కొట్టడం, బెదిరించడం, అవమానించడం, పైసలు గుంజుకోవడం వంటి వాటితో పాటు ఇంకొక మాట కూడా ఇప్పుడు ఆ చట్టంలో ఉన్నది. అది "బలవంతంగా పనికి పంపడం". ఈ మాట చదివినప్పుడు నాకు గుండె దడ పుట్టింది. కొట్టకపోయినా, తిట్టకపోయినా, "పోయి తే" అనడం కూడా హింసేనా? అవును, ఎదుటివాడు కాదనలేని స్థితిలో ఉంటే అది హింసే అని ఆ చట్టం చెప్తున్నది. మన ఉమ్మడి రాష్ట్రంలో కూడా 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కాని మనం ర్యాగింగ్ అంటే పెద్ద కాలేజీల సంగతి అనుకుంటాం. మన డార్మిటరీలో జరిగేదాన్ని మనం ఏమంటాం? "జర పోయి తే తమ్మీ" అంటాం. మాట తియ్యగానే ఉంటది.

నేను చేసిన తప్పు

నేను 6వ తరగతిలో చేరినప్పుడు నన్నూ పెద్దన్నలు పంపిండ్రు. వెనక గోడ దిగి, రోడ్డు దాటి, అంగడికి పోయి తెచ్చేవాణ్ణి. అప్పుడు ఏడ్చినాను. నేను పెద్దగైతే ఎవ్వరినీ పంపను అనుకున్నాను. 8వ తరగతికి వచ్చేసరికి నేను కూడా పంపినాను.

పోయిన ఏడు ఆగస్టు నెల, ఒక ఆదివారం సాయంత్రం. వాన పడుతున్నది. 6వ తరగతి తమ్ముడు ఒకడిని పిలిచి 10 రూపాయలు ఇచ్చి, "రెండు చిప్స్ ప్యాకెట్లు తేరా, మిగతా 10 నువ్వు పెట్టు, తర్వాత ఇస్తా" అన్నాను. వాడు ఏమీ అనలేదు. నా ముందర 'వద్దన్నా' అనే ధైర్యం వానికి ఎక్కడిది?

మన ముందర ఉన్న రోడ్డు మామూలు రోడ్డు కాదు. హైదరాబాదు నుంచి మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా బీజాపూర్ పోయే రోడ్డు. రెండు పక్కల పాత మర్రిచెట్లు. చూడటానికి ఎంతో అందంగా ఉంటది. కాని లారీలు, టిప్పర్లు, బస్సులు ఆగకుండా పోతనే ఉంటాయి. చెట్ల నీడలో చిన్న పిల్లవాడు నిలబడితే డ్రైవరుకు కనబడడు.

వాడు చాలాసేపటికి వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నది. లారీ దగ్గరకు రాగానే భయపడి మర్రి వేర్ల మీద పడ్డాడట. రెండు ప్యాకెట్లు మాత్రం వానకు తడవకుండా అంగీ లోపల పెట్టుకొని తెచ్చాడు. ముందుగా అవి నా చేతికిచ్చి, తరువాత మోకాలు కడుక్కోవడానికి పోయాడు. నేను ప్యాకెట్లు తిన్నాను. అవును, తిన్నాను. వార్డెన్ సారు అడిగితే వాడు బాత్రూములో జారిపడ్డానని చెప్పాడు.

ఆ 10 రూపాయలు నేను ఇయ్యలేదు, మర్చిపోయాను. అవి వాళ్ళ అమ్మ సబ్బు కొనుక్కోమని ఇచ్చిన పైసలని తరువాత వాని పక్క బెడ్డు పిల్లవాడు చెప్పాడు. ఆ నెల వాడు అందరూ పారేసిన సబ్బు ముక్కలు ఏరి ముద్దచేసి స్నానం చేశాడట. ఇది విన్నప్పుడు కూడా నేను సిగ్గుపడ్డానే గాని పోయి ఇయ్యలేదు.

ఆ తరువాత 2025 నవంబర్ 3న మన చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర ఇదే రోడ్డు మీద కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు గుద్దుకొని ఎంతోమంది చనిపోయారు. ఆ రోజు ప్రార్థనలో మనం మౌనం పాటించినప్పుడు నేను కళ్ళు మూసుకుంటే నాకు ఆ తమ్ముని మోకాలే కనబడింది. 20 రూపాయల ప్యాకెట్ల కోసం నేను వాణ్ణి ఆ రోడ్డు మీదికి తోలినాను.

అక్క "రొట్టె బండి" అన్నప్పుడు అందుకే నాకు నవ్వు రాలేదు.

అయినా మనం బయటికి ఎందుకు పోతున్నాం?

మెస్‌లో అన్నం లేకనా? కాదు. 2024లో ప్రభుత్వం మన డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. 3 నుంచి 7వ తరగతి వరకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1,330 అయింది. 8 నుంచి 10వ తరగతి వరకు 1,100 ఉన్నది 1,540 అయింది. కొత్త మెనూను 2024 డిసెంబర్ 14న ముఖ్యమంత్రి గారు మన పక్కనే మొయినాబాద్ మండలం చిలుకూరు గురుకులంలో మొదలుపెట్టారు.

నేను లెక్క చేశాను. నెలకు 1,540 అంటే రోజుకు 51 రూపాయలు. అందులోనే పొద్దున టిఫిను, రెండు పూటల అన్నం, గుడ్డు, పాలు, సాయంత్రం గుడాలు అన్నీ రావాలి. ఇక చిప్స్ ప్యాకెట్ చూడండి. 10 రూపాయల ప్యాకెట్ వెనక బరువు చదివితే 20 గ్రాముల పైన కొద్దిగా ఉన్నది. మా నాయన మొన్న పల్లీలు కిలో 150కి కొన్నాడు. అంటే 10 రూపాయలకు 60 గ్రాముల పైనే పల్లీలు వస్తాయి. ప్యాకెట్‌లో సగం గాలే. మనం 10 రూపాయలు పెట్టి గాలి కొంటున్నాం.

ఇది తెలిసి కూడా ఎందుకు కొంటాం? నేను ఆలోచించాను. మెస్‌లో మనకు పెట్టింది తింటాం, అది మంచిదే. కాని నెలల తరబడి ఇంటికి దూరంగా ఉన్నప్పుడు "నాకు ఇది కావాలె" అని ఒక్కటైనా మనమే ఎంచుకోవాలని ఉంటది. అమ్మ ఇచ్చిన పైసలతో ఏదైనా కొనుక్కుంటే అమ్మ కొనిచ్చినట్టే ఉంటది. కొరియా పిల్లలకు కడుపు నిండా భోజనం పెట్టినా మేజొమ్‌కు ఉరుకుతారు కదా, వాళ్ళ సంగతీ ఇదే కావచ్చు. ఇది తప్పు అని నేను అనను. ఆ కోరిక కోసం చిన్నవాణ్ణి గోడ దింపడమే తప్పు.

పిల్లలే నడిపే దుకాణం

కొరియాలో ఇప్పుడు మేజొమ్‌లు తగ్గుతున్నాయి. భోజనం బాగా పెట్టడం వల్ల, నియమాల వల్ల, బయట పెద్ద దుకాణాలు రావడం వల్ల చాలా బడుల్లో మూతపడ్డాయి. కాని ఒక మంచి మార్గం కూడా కనబడింది. 2012 డిసెంబర్‌లో అక్కడ సహకార సంఘాల చట్టం అమలులోకి వచ్చింది. దాని తరువాత సియోల్‌లోను, మరికొన్ని చోట్లను విద్యార్థులు, తల్లిదండ్రులు, టీచర్లు కలిసి సభ్యులై, తలా కొంత వేసుకొని బడి దుకాణాన్ని తామే నడుపుకుంటున్నారు. ఏమి అమ్మాలో తామే నిర్ణయిస్తారు. మంచి సరుకు తెస్తారు. లాభం వస్తే బడి పిల్లల కోసమే ఖర్చు పెడతారు.

సహకార సంఘం మనకు కొత్త మాట కాదు. మన ఊళ్ళలో రైతులకు సహకార సంఘాలున్నాయి, మన అమ్మలకు పొదుపు సంఘాలున్నాయి. మా అమ్మ సంఘంలో నెల నెలా పొదుపు కట్టి, పుస్తకంలో రాయించుకుంటది. అమ్మలు నడిపినప్పుడు మనం నడపలేమా?

కావున వార్డెన్ సార్లకు నా మనవి ఏమనగా:

1. ఆదివారం సాయంత్రం ఒక గంటసేపు మెస్ వరండాలో ఒక బల్ల వేసి చిన్న దుకాణం పెట్టుకోవడానికి అనుమతి ఇవ్వగలరు.

2. అందులో పల్లీ పట్టీలు, పుట్నాలు, జామకాయలు, అరటిపండ్లు, వీటితో పాటు సబ్బులు, పెన్నులు, కొబ్బరినూనె చిన్న సీసాలు పెడదాం. మన చుట్టుపక్కల ఊళ్ళు కూరగాయలకు, తోటలకు పేరు పడ్డవి. పండ్లకు దూరం పోనక్కరలేదు.

3. ఉద్దెర ఉండదు. ఉద్దెర ఉంటే పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ పేరు మీద రాయిస్తారు. ఇది నాకు బాగా తెలుసు.

4. ఎవరికి కావలసింది వారే వచ్చి కొనుక్కోవాలి. ఒకరి కోసం ఇంకొకరికి ఇయ్యరాదు. జ్వరంతో పడుకున్నవాళ్ళకు మాత్రం క్లాసు లీడరు తీసుకుపోవచ్చు.

5. ప్రతి వారం లెక్క ఈ గోడపత్రిక పక్కనే అతికించాలి. ఎంతకు కొన్నాం, ఎంతకు అమ్మాం, ఎంత మిగిలింది అన్నీ అందరికీ కనబడాలి. మిగిలిన పైసలతో సబ్బు లేనివాళ్ళకు సబ్బు కొనాలి. ఎవరికి ఇచ్చామో మాత్రం గోడ మీద రాయవద్దు.

6. వెనక గోడ దగ్గర విరిగిన చోటు కట్టించగలరు. అది ఎక్కడుందో నేను చూపిస్తాను.

ఆరవది రాసినందుకు నా దోస్తులు నా మీద కోపం చేస్తారని తెలుసు. చేయనీ.

మొదటి నాలుగు ఆదివారాలు లెక్క రాయడానికి నేను తయారు. గణితంలో నాకు మార్కులు తక్కువే గాని కూడికలు, తీసివేతలు వస్తాయి.

చివరి మాట

ఈ వ్యాసం రాసేముందు ఆ తమ్ముని దగ్గరికి పోయాను. "నీ సంగతి పేరు లేకుండా రాస్తా, రాయొచ్చా?" అని అడిగాను. వాడు సరే అన్నాడు. 10 రూపాయలు ఇచ్చి, "తప్పయింది తమ్మీ" అన్నాను. "ఏ పైసలన్నా?" అంటాడేమో అనుకున్నాను. వాడు తీసుకొని జేబులో పెట్టుకొని, "సబ్బువి" అన్నాడు. అంటే ఇన్ని నెలలూ మర్చిపోలేదు. నేను మర్చిపోయినా వాడు మర్చిపోలేదు.

పెద్ద తరగతుల అన్నలారా, నా తోటి మిత్రులారా! మీరు కూడా ఒకసారి యాది చేసుకోండి. మీరు ఎవరినైనా పంపి ఉంటే, వాళ్ళకు మాత్రం యాది ఉంటది. చిన్న తమ్ముళ్ళారా! ఎవరైనా "పోయి తే" అంటే "నేను పోను అన్నా" అనండి. అట్లా అనడానికి భయమైతే నా దగ్గరికి రండి, ఇద్దరం కలిసి వార్డెన్ సారు దగ్గరికి పోదాం.

దుకాణం మీద మీ అభిప్రాయాలను చీటీ మీద రాసి, గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయగలరు. పేరు రాయకపోయినా పరవాలేదు. వచ్చే నెల పత్రికలో అన్నీ రాస్తాను. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఇట్లు,
మీ సోదరుడు,
9వ తరగతి విద్యార్థి